ఒకే స్తంభం, రెండు తీగలు

ఈమధ్య పత్తికొండ వైపు ఒక ఊళ్ళో పొదుపు సంఘాల సమావేశానికి వెళ్ళాం. బ్యాంకు లింకేజీ గురించి, గుంటూరు మిరప కోతలకు వలసపోయే కుటుంబాల పిల్లల చదువు గురించి మాట్లాడుకోవాలని అనుకున్నాం. మధ్యలో ఒకామె లేచి అడిగింది: "ఏమ్మా, మా వీధికి వచ్చేది ఒకటే వైరు. టీవీ దాంట్లోనే, నెట్టు దాంట్లోనే. ఉన్నట్టుండి రేటు పెంచినారు. కేబులాయన్ని అడిగితే, నా చేతిలో ఏముందక్కా, పైన కంపెనీ మారింది అంటాడు. ఆ పైనోళ్ళు యాడుంటారు? మేం ఎవురినడగల్ల?"

మా దగ్గర సమాధానం లేదు. రేషన్ రాకపోతే ఎవరిని అడగాలో మనకు తెలుసు. కూలి డబ్బులు పడకపోతే ఎంపీడీవో ఆఫీసు ముందు కూర్చోవడం తెలుసు. గృహహింస కేసుకు ఎవరి దగ్గరికి పోవాలో తెలుసు. కానీ మన ఇంట్లోకి వచ్చే తీగ ఒక కంపెనీ చేతిలోంచి ఇంకో కంపెనీ చేతిలోకి పోతుంటే, అది పోవచ్చో లేదో తేల్చేది ఎవరు, ఏ లెక్కన తేలుస్తారు, అందులో మన మాటకు చోటు వుందా అన్నది ఇన్నేళ్ళుగా హక్కుల గురించి మాట్లాడుతున్న మనమే ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ ఊరి నుంచి తిరిగి వస్తూ బస్సు కోసం నిలబడినప్పుడు ఎదురుగా ఒక కరెంటు స్తంభం కనిపించింది. పైన కరెంటు తీగ. దాని కింద కేబుల్ తీగలు. స్తంభం ఒకటే, తీగలు రెండు. కానీ ఆ రెండు తీగలకు న్యాయం వేరు వేరు.

కరెంటు రేటు పెంచాలంటే పంపిణీ సంస్థలు విద్యుత్ నియంత్రణ మండలి ముందు లెక్కలు పెట్టాలి. మండలి బహిరంగ విచారణ జరుపుతుంది. రైతు సంఘం వాళ్ళు, పార్టీల వాళ్ళు, మామూలు వినియోగదారులు వచ్చి తెలుగులో నిలదీస్తారు. వాళ్ళ అభ్యంతరాలు రికార్డులోకి ఎక్కుతాయి. ఆ మండలి కార్యాలయం 2023లో మన కర్నూలుకే వచ్చింది. ఈ విచారణలతో రేట్లు పెరగకుండా ఆగిపోయాయని కాదు. 2000 సంవత్సరంలో కరెంటు ఛార్జీల పెంపు మీద రాష్ట్రమంతా కదిలి, ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పుల దాకా పోయిన సంగతి మనలో చాలామందికి జ్ఞాపకమే. కానీ అడగడానికి ఒక గది వుంది. రెండో తీగకు ఆ గది లేదు. నేను చెప్పదలుచుకున్నది ఇదే. కేబుల్, బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు ఒకదాన్ని ఒకటి కొనుక్కుంటున్నప్పుడు జరిగే పరిశీలనలో, ఆ తీగ మీద ఆధారపడే ఆడవాళ్ళ మాట వినే ఏర్పాటు వుండాలి. అది అడగవలసింది మనమే.

కొంచెం వెనక్కి వెళ్ళి చూద్దాం. 1991 తరవాత ఊళ్ళలో ఒక డిష్, ఒక గది, నాలుగు వీధుల తీగతో కేబుల్ మొదలైంది. 1995లో కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల చట్టం వచ్చింది. ఆపరేటరు హెడ్ పోస్టాఫీసులో నమోదు చేయించుకుంటే సరిపోయేది. అదే 1991లో, సరళీకరణ పేరుతో, ఇంకో పని కూడా జరిగింది. గుత్త సంస్థలను అదుపు చెయ్యడానికి 1969లో చేసిన చట్టంలో, పెద్ద కంపెనీలు కలిసిపోవాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధనలు వుండేవి. వాటిని తీసేశారు. తరవాత 2002లో కాంపిటీషన్ చట్టం చేశారు గానీ, విలీనాలను పరిశీలించే సెక్షన్లు అమలులోకి వచ్చింది 2011 జూన్ 1 నుంచి. అంటే దాదాపు ఇరవై ఏళ్ళు ఆ కాపలా లేకుండానే గడిచిపోయింది. ఆ ఇరవై ఏళ్ళలోనే నాలుగు వీధుల కేబుల్ పట్టణమంత అయింది, పట్టణాల కేబుల్ కంపెనీలయింది. 2017 మార్చి నాటికి పల్లెల దాకా డిజిటల్ పెట్టెలు తప్పనిసరి చేశాక, సొంతంగా సిగ్నల్ ఇచ్చే స్తోమత లేని చిన్న ఆపరేటర్లు పైనున్న పెద్ద సంస్థకు వసూళ్ళు చేసిపెట్టే వాళ్ళుగా మిగిలారు. "నా చేతిలో ఏముందక్కా" అన్న ఆ కేబులాయన అబద్ధం చెప్పలేదు.

2018 అక్టోబరు 17న రిలయన్స్ సంస్థ దేశంలోని రెండు పెద్ద కేబుల్ కంపెనీలు హాత్‌వే, డెన్‌లలో ఆధిపత్య వాటాలు కొంటున్నట్టు ప్రకటించింది. డెన్‌కు 2,290 కోట్లు, హాత్‌వేకు 2,940 కోట్లు. ఆ రెండు కంపెనీలతో కలిసి పనిచేసే స్థానిక ఆపరేటర్లు 27 వేల మంది అని అప్పుడు వాళ్ళే చెప్పారు. జియో పేరుతో సెల్‌ఫోన్, ఇంటింటి ఇంటర్నెట్ వ్యాపారం అప్పటికే వాళ్ళది. కాంపిటీషన్ కమిషన్ 2019 జనవరిలో దీనికి అనుమతి ఇచ్చింది. తరవాత 2024 ఆగస్టు 28న ఇదే సంస్థకూ డిస్నీకీ మధ్య ఛానళ్ళ విలీనాన్ని, కంపెనీలు తమంతట తాము ఒప్పుకున్న కొన్ని మార్పులతో అనుమతించింది. 2024 నవంబరు 14న పూర్తయిన ఆ విలీనం విలువ 70,352 కోట్లు. మనం రోజూ చూసే స్టార్ మా దానిలో భాగమే. ఆ ఉమ్మడి సంస్థకు అధ్యక్షురాలు ఒక స్త్రీ, నీతా అంబానీ. పై కుర్చీలో ఆడమనిషి కూర్చున్నంత మాత్రాన పత్తికొండ వీధిలో ఆడమనిషి ప్రశ్నకు జవాబు దొరకదని మనకు వేరే చెప్పక్కరలేదు.

ఈ కంపెనీల తీగ మన వీధికి వచ్చిందా లేదా అన్నది కాదు ఇక్కడ విషయం. తీగా, దానిలో పారే కార్యక్రమాలూ, ఫోనూ అన్నీ ఒకే ఇంటి ఆస్తి అవుతున్నప్పుడు, ఎవరు ఏ లెక్కతో ఊఁ అంటున్నారన్నదే విషయం. ఆ లెక్కలో మూడు లోపాలు కనిపిస్తున్నాయి.

మొదటిది, కొలిచే బద్ద. ఒక కంపెనీకి దేశంలో పదిమందిలో ఇద్దరు ఖాతాదారులే వుండొచ్చు. కానీ ఆ ఇద్దరూ ఒకే వీధిలో వుంటే ఆ వీధికి అది నూటికి నూరు. కేబుల్ బియ్యం లాంటిది కాదు, ఆదోనిలో రేటు ఎక్కువైతే ఎమ్మిగనూరు పోయి తెచ్చుకోవడానికి. మన గడప దాకా వచ్చిన తీగలు ఎన్ని అన్నదే మన మార్కెట్టు. చట్టం చేసినవాళ్ళకు ఇది తెలియక కాదు. ఒక మార్కెట్టు ఎంతవరకు అని తేల్చేటప్పుడు భాషను, వినియోగదారుల ఇష్టాయిష్టాలను, అమ్మిన తరవాత వెంటనే దొరికే సేవను కూడా చూడాలని 19వ సెక్షన్ 6వ ఉపసెక్షన్ చెబుతోంది. భాష అన్న మాట చట్టంలోనే వుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా 2013 నవంబరులో కేబుల్ గుత్తాధిపత్యం మీద సిఫారసులు చేస్తూ, దేశాన్ని కాదు, రాష్ట్రాన్ని మార్కెట్టుగా తీసుకుని కొలవాలని చెప్పింది. ఆ సిఫారసులు చట్టం కాలేదు. రాష్ట్రం కూడా మన లెక్కకు పెద్దదే. జమ్మలమడుగులో ఒక ఇల్లాలికి విశాఖపట్నంలో నాలుగు కంపెనీలు వుంటే ఏమిటి, పది వుంటే ఏమిటి?

రెండోది, చిన్న చేపల సంగతి. కొనబడే కంపెనీ ఆస్తులు దేశంలో 450 కోట్లకు మించకపోయినా, అమ్మకాలు 1,250 కోట్లకు మించకపోయినా, ఆ కొనుగోలు సాధారణంగా కమిషన్‌కు చెప్పే పనే లేదు. ఈ హద్దులు అంతకుముందు 350 కోట్లు, 1,000 కోట్లు వుండేవి. 2024 మార్చిలో పెంచారు. మన జిల్లాల్లో ఒక పట్టణపు కేబుల్ నెట్‌వర్కు ఆస్తి ఎంత వుంటుంది? అందులో పదో వంతు కూడా వుండదు. కాబట్టి ఒక పెద్ద సంస్థ ప్రొద్దుటూరులో ఒకటి, మైదుకూరులో ఒకటి, రాయచోటిలో ఒకటి చొప్పున కొనుక్కుంటూ పోతే, ఏ మెట్టు దగ్గరా ఎవరూ ఆపి అడగరు. కడివెడు పాలు తాగితే పిల్లి కనబడుతుంది. గరిటెడు గరిటెడుగా తాగితే కుండ ఖాళీ అయ్యాకే తెలుస్తుంది.

మూడోది, మనకు అన్నిటికంటే ముఖ్యమైనది, వినే చెవి. పెద్ద విలీనం కమిషన్ ముందుకు వచ్చినా, మొదటి దశలో మాట్లాడేది కంపెనీలూ, వాళ్ళ లాయర్లూ. 2023 సవరణ తరవాత ఈ దశకు గడువు ముప్ఫై రోజులు. దీనివల్ల పోటీకి గణనీయంగా దెబ్బ తగులుతుందేమో అని కమిషన్‌కు ప్రాథమికంగా అనిపిస్తేనే రెండో దశ. అప్పుడు మాత్రమే, 29వ సెక్షన్ కింద, వివరాలు ప్రకటించి, నష్టపోయేవాళ్ళ అభ్యంతరాలు అడుగుతారు. చాలా విలీనాలు ఆ దశ దాకా పోనే పోవు. అంటే దెబ్బ తగులుతుందని ఢిల్లీలో ముందు అనిపించాలి, అప్పుడు దెబ్బ తగిలేవాళ్ళను అడుగుతారు. మామూలుగా ఇది తిరగబడి వుండాలి కదా? నొప్పి ఎక్కడుందో రోగిని అడిగాక వైద్యం, వైద్యం తేల్చాక రోగిని అడగడం కాదు.

పోటీ తగ్గితే ఏమవుతుందో ఊహించుకోనక్కరలేదు. సెల్‌ఫోన్ల విషయంలో చూశాం. 2018 ఆగస్టులో వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి. టెలినార్, టాటా ఖాతాదారులు ఎయిర్‌టెల్‌లో కలిశారు. ఎయిర్‌సెల్ దివాలా తీసింది. మిగిలిన ప్రైవేటు కంపెనీలు మూడు. 2024 జులై మొదటి వారంలో ఆ మూడూ ఒకటి రెండు రోజుల తేడాలో రేట్లు పెంచాయి. కొన్ని ప్లాన్ల మీద పెంపు నూటికి ఇరవై దాటింది. అదే 2024 జులై 8న ట్రాయ్, టీవీ కనెక్షను మీద నెలకు వసూలు చేసే నెట్‌వర్కు ఛార్జీకి 130 రూపాయలు, 160 రూపాయలు అని అంతకుముందు పెట్టిన గరిష్ఠ పరిమితిని ఎత్తేసింది. పోటీ వుంది గనక రేటును మార్కెట్టే అదుపు చేస్తుందని దీని వెనక వున్న నమ్మకం. సరే, రేటుకు పగ్గం తీసేశారు. అప్పుడు పోటీని కాపాడే పరిశీలన ఒక్కటే మనకు మిగిలిన పగ్గం. అదీ వదులుగా వుంటే ఇక దేన్ని పట్టుకోవాలి?

ఇది వినియోగదారుల సమస్య, ఆడవాళ్ళ సమస్య ఎలా అవుతుందని కొందరు మిత్రులు అడగవచ్చు. 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 21 మంది. మగవాళ్ళు దాదాపు 49 మంది. తాము సొంతంగా వాడుకునే ఫోను వున్న స్త్రీలు సగం కంటే కాస్త తక్కువ. ఇంట్లో ఖర్చు తగ్గించాలంటే ముందు ఎవరి రీచార్జి ఆగుతుందో మనకు తెలుసు. అతని ఫోను పనికి కావాలి, ఆమె ఫోను కబుర్లకు కదా! నెలకు యాభై రూపాయలు పెరిగితే లెక్కల్లో అది చిన్న పెంపు. ఇంట్లో మాత్రం అది ఆడపిల్ల ఆన్‌లైన్ పాఠం ఆగడం.

ఇంకో పక్క, ఇంటర్నెట్ లేకుండా బతకలేని పరిస్థితి తెచ్చింది ప్రభుత్వాలే. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల దగ్గర యాప్‌లో ఫొటోతో హాజరు తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని చోట కూలీల హాజరు ఎన్ని తిప్పలు పెట్టిందో మనం చూసిందే. 2025 జనవరిలో మన మిత్ర పేరుతో ప్రభుత్వ సేవలను వాట్సాప్‌లోకి తెచ్చారు. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి కువైట్‌కు ఇళ్ళ పనికి పోయిన తల్లి, బిడ్డ ముఖం చూసుకునేది వీడియో కాల్‌లోనే. అక్కడ యజమాని కొడితే కబురు రావలసిందీ ఆ దారినే. ఆ దారికి కాపలా ఎవరిదన్నది స్త్రీల సమస్య కాకుండా ఎలా పోతుంది?

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. పెద్ద కంపెనీని విమర్శిస్తున్నామంటే స్థానిక కేబుల్ పెత్తనాన్ని మెచ్చుకుంటున్నట్టు కాదు. మన సీమలో కాంట్రాక్టులతో పాటు కేబుల్ కూడా ఊరి పెద్దరికంతో ముడిపడి నడిచిన చోట్లు తక్కువేం కాదు. ప్రభుత్వ తీగ అయితే అన్నీ బాగుంటాయనీ కాదు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ అంటూ వచ్చింది. ఆలోచన మంచిదే, మనం నిలబెట్టుకోవలసిందే. కానీ 2019లో ఆ నెట్‌వర్కులో టీవీ5 ఆగిపోతే, తిరిగి ఇవ్వమని ఢిల్లీలోని టెలికాం వివాదాల ట్రిబ్యునల్ చెప్పవలసి వచ్చింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక రాష్ట్రంలో పలు కేబుల్ నెట్‌వర్కుల్లో టీవీ9 మాయమైతే, పునరుద్ధరించమని ఢిల్లీ హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది. పార్టీ ఏదన్నది కాదు. తీగ ఒకరి గుప్పిట్లో వుంటే, ఆ గుప్పిలి ఎవరిదైనా, మనం ఏం చూడాలో వాళ్ళే నిర్ణయిస్తారు. ఒక వీధికి రెండు తీగలు వుండాలనడం అందుకే. మనం ఒకదాన్ని వదిలి ఇంకోదానికి పోగలిగితేనే రెండూ మన మాట వింటాయి.

విలీనాల పరిశీలన ఇంతకంటే మెరుగ్గా జరగడం అసాధ్యమేమీ కాదు. అమెరికాలో 2011లో కామ్‌కాస్ట్ అనే కేబుల్ కంపెనీ ఎన్‌బీసీ యూనివర్సల్‌ను తీసుకున్నప్పుడు, అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ పెట్టిన షరతుల్లో పేద కుటుంబాలకు చవకగా ఇంటర్నెట్ ఇవ్వడం ఒకటి. బడిలో ఉచిత భోజనానికి అర్హులైన పిల్లలున్న ఇళ్ళకు నెలకు పది డాలర్ల లోపుకే ఇవ్వవలసి వచ్చింది. అదే కంపెనీ తరవాత టైమ్ వార్నర్ కేబుల్‌ను కొనబోతే జనం నుంచి, నియంత్రణ సంస్థల నుంచి అభ్యంతరాలు వచ్చి, 2015 ఏప్రిల్‌లో వెనక్కి తగ్గింది. అమెరికా మనకు ఆదర్శమని చెప్పడం లేదు. పెట్టుబడికి పుట్టిల్లయిన దేశంలోనే విలీనానికి షరతు పెట్టగలిగితే, ఇక్కడ ఎందుకు పెట్టలేరన్నదే ప్రశ్న. జనం రాస్తే పట్టించుకోరన్నది కూడా నిజం కాదు. కొన్ని వెబ్‌సైట్లు మాత్రమే ఉచితం చేసే పథకాల మీద ట్రాయ్ అభిప్రాయాలు అడిగినప్పుడు లక్షల మంది రాశారు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అలాంటి తేడా రేట్లను నిషేధించింది.

కాబట్టి మనం అడగవలసినవి స్పష్టంగానే వున్నాయి. కేబుల్, బ్రాడ్‌బ్యాండ్ విలీనం ఏది వచ్చినా జిల్లా, మండల స్థాయిలో ఎన్ని తీగలు మిగులుతాయో లెక్క కట్టాలి. మొదటి దశలోనే తెలుగులో ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలు తీసుకోవాలి. కరెంటుకు కర్నూలులో విచారణ జరపగలిగినప్పుడు కేబుల్‌కు ఎందుకు జరపలేరు? ఒక ప్రాంతంలో మిగిలిన ఒకే ఒక్క పోటీదారును కొంటుంటే, ఆస్తి ఎంత చిన్నదైనా ఆ కొనుగోలు కమిషన్ ముందుకు రావాలి. అనుమతి ఇస్తే, కొంత కాలం దాకా రేటు పెంచకూడదని, పేద కుటుంబాల స్త్రీల పేరిట చవక కనెక్షన్లు ఇవ్వాలని, ఫిర్యాదు చెప్పుకోవడానికి జిల్లాలో ఒక మనిషి వుండాలని షరతులు పెట్టాలి.

అవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. ఇప్పుడున్న చట్టంలోనే రెండు సందులు వున్నాయి. 20వ సెక్షన్ ప్రకారం ఒక విలీనం అమలులోకి వచ్చిన ఏడాది లోపు, తనకు అందిన సమాచారం మీద కమిషన్ విచారణ మొదలుపెట్టవచ్చు. ఒక కంపెనీ తన ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేస్తుంటే 19వ సెక్షన్ కింద ఏ వ్యక్తి అయినా, వినియోగదారుల సంఘమైనా సమాచారం ఇవ్వవచ్చు. కానీ సమాచారం అంటే బాధ ఒక్కటే చాలదు, లెక్క కావాలి. అది మన దగ్గరే వుంది. ప్రతి సంఘం తన వీధికి వచ్చే తీగలు ఎన్ని, అవి ఎవరివి, రెండేళ్ళ కిందట ఎంత కట్టారు, ఇప్పుడు ఎంత కడుతున్నారు, కనెక్షను ఎవరి పేరు మీద వుంది, చెడిపోతే ఎన్నాళ్ళకు బాగుచేశారు అన్న ఆరు విషయాలు రాసిపెట్టుకుంటే చాలు. రసీదు ఇవ్వకపోతే అడిగి తీసుకోవాలి. సారా ఉద్యమం రోజుల్లో ఊళ్ళో ఎన్ని ప్యాకెట్లు అమ్ముడుపోయాయో లెక్క చెప్పింది చదువుకున్నవాళ్ళు కాదు, చదువు అప్పుడే నేర్చుకుంటున్న ఆడవాళ్ళు.

ఆ పత్తికొండ చెల్లెలికి మేం ఇప్పుడు సగం జవాబు చెప్పగలం. పైనోళ్ళు ఢిల్లీలో వుంటారు, వాళ్ళకు ఒక చట్టం వుంది, అందులో నీ భాష పేరు కూడా వుంది అని. మిగతా సగం, వాళ్ళు మన దగ్గరికి వచ్చి అడిగేలా చెయ్యడం. దానికి మొదట మన వీధి స్తంభం దగ్గర నిలబడి, తలెత్తి, తీగలు లెక్కపెడదాం.